చెరువుగట్టు నిశ్శబ్ద సంఘం

ఒక పెద్ద అడవిలో పేరు లేని చెరువు ఒకటి ఉండేది. పేరు పెట్టడానికి ఎవరికీ తీరిక లేదు. పొద్దు వాలితే అందరి ధ్యాసా చేపల మీదే.

తూర్పు గట్టు కింద నీళ్ళు లోతు తక్కువ. కొంగ అక్కడ ఒంటికాలి మీద నిలబడేది. నీళ్ళ మీదికి వంగిన తుమ్మకొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చునేది. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. మాట్లాడకూడదని రూలేం లేదు. చప్పుడైతే చేప పారిపోతుంది, అంతే.

నక్కకు చేపలు పట్టడం రాదు. తోక తడవడం దానికి ఇష్టముండదు. అందరూ తిని వదిలేసిన తలకాయలు ఏరుకుని బతికేది. అదేదో చిన్నతనంగా అనిపించి, ఒకరోజు ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళింది. ఎలుగుబంటి అడవికి అధ్యక్షుడు. అంటే, నిద్ర మధ్యలో లేపినా తిట్టకుండా సంతకం పెట్టేవాడు.

"సార్, చెరువు దగ్గర నిశ్శబ్దాన్ని చూసుకునే నాథుడు లేడండి."

"ఇప్పుడేమైనా గోలగా ఉందా?"

"లేదు సార్. కానీ రేపెవరైనా గోల చేస్తే అడిగేదెవరు?"

ఎలుగుబంటికి భయమేసింది. మర్నాటికల్లా నిశ్శబ్ద సంఘం వెలిసింది. నక్క కార్యదర్శి. నిబంధన ఒక్కటే: రోజూ సాయంత్రం పడిన మొదటి చేప సంఘానిది. పిల్లచేపను చూపించి ఇదే మొదటిదని బుకాయిస్తారేమోనని నక్క తనే ఇంకో ముక్క చేర్చింది: 'సంఘం కళ్ళముందు పడిందే మొదటి చేప.'

గస్తీకి తీతువు పిట్టను పెట్టారు. "గొంతు ఖంగుమంటుంది, చెరువంతా వినిపిస్తుంది" అని నక్క సిఫారసు.

ఆ సాయంత్రం ఒక పరిగె చేప పైకి తేలింది. లకుముకి రెక్కలు ముడిచి దూకబోయింది.

"నిశ్శబ్దం! నిశ్శబ్దం! ఎవరక్కడ రెక్కలు కదిపింది?" అని తీతువు అరిచింది.

పరిగె మాయం.

మూడు సాయంత్రాలు ఒక్క చేపా పడలేదు. సంఘం అత్యవసరంగా సమావేశమై కారణం కనిపెట్టింది: నిశ్శబ్దం చాలడం లేదు. వెంటనే అరవై కప్పలను ఉద్యోగంలోకి తీసుకున్నారు. "నిశ్శబ్దం" అని ఒకటంటే, "విన్నారా, నిశ్శబ్దమంట" అని యాభైతొమ్మిది అందుకునేవి. డ్యూటీలో ఉన్నవాళ్ళను తినకూడదని చెప్పడంతో కొంగ వాటి మధ్యే ఆకలితో నిలబడింది.

లకుముకి గూడు ఆ గట్టులోనే, ఒక మట్టి బొరియ. లోపల నాలుగు పిల్లలు. తూనీగలతో ఎలాగో నెట్టుకొస్తోంది. నాలుగో సాయంత్రం గూటికి వెళ్తే మూడు నోళ్ళే తెరుచుకున్నాయి. అన్నిటికన్నా చిన్నది నోరు తెరవడం మానేసింది.

"బాబాయ్, ఇవాళ చేప పడకపోతే చిన్నది తెల్లారేదాకా ఉండదు" అంది కొంగతో.

"అర్జీ పెట్టుకోకపోయావా అమ్మాయ్?"

"నువ్వు పెట్టావా?"

"పెట్టాను. కాస్త అరవకండి బాబూ అన్నాను. నిశ్శబ్దానికి వ్యతిరేకినని రాసుకున్నారు."

లకుముకి నీళ్ళకేసి చూసింది. తీతువు ఈ మూల అరిస్తే చేపలు ఆ మూలకు, ఆ మూల అరిస్తే ఈ మూలకు. మూడు రోజులుగా కళ్ళముందు జరుగుతున్నదే. తిట్టుకోవడంలో పడి చూసుకోలేదు.

తిన్నగా నక్క దగ్గరికి ఎగిరింది.

"కార్యదర్శి గారూ, పడమటి గట్టున ఒకటే గోలండీ! మీ సంఘమంటే లెక్కే లేదు."

"ఎవరికమ్మా అంత పొగరు?"

"మీరే వెళ్ళి చూడాలి. ఒక్క తీతువు వల్ల అయ్యే పని కాదు."

నక్క ఛాతీ విరుచుకుంది. "సిబ్బంది మొత్తం పడమటికి పదండి!"

పడమటి గట్టున గోలేమీ లేదు. వీళ్ళు వెళ్ళాక మొదలైంది. అరవై కప్పలు, తీతువు, మధ్యలో నక్క, అందరూ కలిసి నిశ్శబ్దం కోసం గొంతులు చించుకున్నారు. అటున్న చేపలన్నీ హడలిపోయి, గుంపులు గుంపులుగా తూర్పు గట్టుకు వచ్చి పడ్డాయి.

"అమ్మాయ్, ఇదేమిటే..."

"మాట్లాడకు బాబాయ్!"

లకుముకి దూకింది. మొదటి పరిగె చిన్నదాని నోట్లోకి ముక్కుతోనే తోసింది. మళ్ళీ దూకింది.

పొద్దు గుంకేవేళకు నక్క బొంగురుపోయిన గొంతుతో తిరిగొచ్చింది. "మొదటి చేపేదీ?"

"మీ కళ్ళముందు పడిందే మొదటిది కదండీ. అది ఇంకా పడలేదు. ఇవన్నీ రెండోవే" అంది కొంగ, గుటక వేసి.

అంతలో ఎలుగుబంటి తనిఖీకి వచ్చింది. గట్టంతా పొలుసులు మెరుస్తున్నాయి. "భేష్! నిశ్శబ్దం పనిచేసిందన్నమాట. మీరెక్కడున్నారయ్యా?"

నక్క నిజం చెబుదామని నోరు తెరిచింది. చెబితే సంఘం ఉండదని మూసుకుంది. "పడమటి గట్టున సార్."

"అయితే రోజూ సాయంత్రం సిబ్బందితో సహా అక్కడే ఉండండి. అక్కణ్ణుంచి కదిలితే ఊరుకోను."

నక్క మెడలో దండ వేశారు. తలకాయలు ఏరుకోవడానికి కూడా ఇటు రావడానికి లేకుండా పోయింది.

మర్నాడు సాయంత్రం బొరియలో నాలుగు నోళ్ళు తెరుచుకున్నాయి. అన్నిటికన్నా పెద్దగా అరిచింది చిన్నదే. అవతలి గట్టు నుంచి "నిశ్శబ్దం!" అని వినిపించింది.

"అరవండి బాబూ, ఇంకా గట్టిగా అరవండి" అంటూ లకుముకి నీళ్ళలోకి దూకింది.

ఇందులో నీతి ఏమైనా ఉంటే ఇదే: నిశ్శబ్దం కావాలనుకుంటే సంఘం పెట్టకండి, చేపలు కావాలనుకుంటే మాత్రం తప్పకుండా పెట్టండి, అవతలి గట్టున.