ముప్పావు కరుణ

ఆడవాళ్ళకు జీతం తక్కువిస్తున్నారని గోల పెట్టే మహానుభావులారా, కాస్త ఆగండి! అది అన్యాయం కాదు, కరుణ. నిండు పర్సు పట్టుకుని కిక్కిరిసిన బస్సులో వేలాడే బాధ ఆడకూతుళ్ళకు తప్పించాలని మీరెప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించాను!

నేనొక ఆఫీసు భవనానికి మేనేజర్‌ని. రెండు బ్లాకులు, ఒక్కోటీ నాలుగంతస్తులు. పనివాళ్ళిద్దరూ వదినా మరుదులు. ఒక బ్లాకు ఊడ్చి తుడిచేది వదిన, రెండోది మరిది. ఒకే చీపురు, ఒకే ఫినాయిలు, ఒకే చాకిరీ. జీతం మాత్రం అతనికి పూర్తిగా, ఆమెకు అందులో ముప్పావు.

ఎందుకంటారా? మగాడికి సంసార బాధ్యతలుంటాయండీ! అతనికింకా పెళ్ళి కాలేదు, వదినే వండి పెడుతోంది, నిజమే. కానీ రేపు బాధ్యతలు రావచ్చు కదా! పైగా మగాడు బరువులెత్తుతాడు. మా నీళ్ళ బకెట్లకు చక్రాలున్నాయి, అదీ నిజమే. ఊడిపోతేనో? మేనేజ్‌మెంటంటే ముందుచూపు!

మొన్న సోమవారం వదిన బ్లాకులో, నాలుగో అంతస్తులో ఉన్న నా గదికి వెళ్ళాను. చెత్తబుట్ట పొంగి పొర్లుతోంది. బాత్రూమ్ సంగతి మర్యాదస్తులు చదివే పత్రికలో రాయలేను. కిందికి దిగితే వదిన మెట్ల మీద తీరిగ్గా టీ తాగుతోంది.

"ఏమ్మా, నాలుగో అంతస్తు?"

"ముప్పావు జీతానికి మూడంతస్తులు చేశాను సార్. నాలుగోది మగవాళ్ళ జీతంలో ఉంది."

మరిదిని పిలిచి తుడవమన్నాను.

"వదిన ఆపిన పని నేను చేస్తే ఇంట్లో నాకు అన్నం పుట్టదు సార్!" అన్నాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? అక్కడికక్కడే సమానత్వం సాధించేశాను. మరిది జీతం కూడా ముప్పావు చేశాను!

మర్నాడు ఆ బ్లాకులోనూ నాలుగో అంతస్తు ఆగిపోయింది. మా యజమాని గది అక్కడే ఏడ్చింది. ఆయన కారు గేటు దాకా వచ్చేసింది. ఇంకేం చేస్తాను? ప్యాంటు మడిచి, తుడుపుకర్ర అందుకున్నాను. రెండు గదులు తుడిచేసరికి నడుం పట్టేసింది. న్యాయం పుట్టేది బుర్రలో కాదు, నడుంలోనని ఆ పూటే తెలిసింది!

సాయంత్రానికల్లా ఇద్దరికీ పూర్తి జీతమని నోటీసు అంటించాను. పైన పెద్దక్షరాలతో 'మేనేజర్ గారి ఔదార్యం' అని రాయించాను. వదిన నిలబడి చదివింది.

"ఔదార్యమంటే ఏంటి సార్?"

"ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువివ్వడమమ్మా."

"ఓహో! అయితే ఇన్నేళ్ళూ అది చూపించింది నేనా సార్?" అంది.