లోన్ కేర్ అమ్మబడును

తన వస్తువుకు తానే వెల చెప్పుకునేవాడంత మూర్ఖుడు ఈ లోకంలో ఉండడు. ఈ సంగతి నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది. మీకింకా తెలియకపోతే తొందరపడండి.

మా కాలంలో ఎద్దును అమ్మాలంటే సంతకు తోలుకుపోయేవాళ్లం. కొనేవాడు పళ్లు చూసేవాడు, నడిపించి చూసేవాడు. తర్వాత ఇద్దరూ తుండుగుడ్డ కింద చేతులు పెట్టి బేరం తేల్చుకునేవాళ్లు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని వేలు. పక్కనున్నవాడికి కూడా తెలిసేది కాదు. పది నిమిషాల పని. ఎంత అనాగరికం! ఒక రిపోర్టు లేదు, గ్రాఫు లేదు, ఫీజు అసలే లేదు.

నేను అమ్మాలనుకున్నది ఎద్దును కాదు, గడ్డిని. అంటే ఎద్దు తినే గడ్డి కాదు. డబ్బులిచ్చి నాటించుకుని, డబ్బులిచ్చి నీళ్లు పెట్టించుకుని, తీరా పెరిగిందని మళ్లీ డబ్బులిచ్చి కోయించుకునే గడ్డి. తిరుపతి నుంచి వడమాలపేట దాకా రోడ్డుకు రెండు పక్కలా వెలసిన బంగళాల్లో, కళ్యాణమండపాల్లో ఉంటుంది. దాని మీద నడవకూడదని పక్కనే బోర్డు కూడా ఉంటుంది.

పదకొండేళ్లుగా ఆ గడ్డిని కోసే వ్యాపారం నాది. రెండు కోత మిషన్లు, ఒక ట్రాలీ ఆటో, పంతొమ్మిది లాన్లు, పనికి వరదమ్మ.

నాకూ ఒక బోర్డు ఉంది. ‘వెంకటముని లాన్ కేర్’ అని రాయమంటే పెయింటర్ ‘వెంకటముని లోన్ కేర్’ అని రాశాడు. పాపం, లాన్ అనే మాట అతను ఎప్పుడూ విన్నది కాదు. లోన్ అనే మాట వినని రోజు లేదు. తుడిపి రాయడానికి ఎనిమిది వందలు అడిగితే, అట్లే ఉండనీ అన్నాను.

మోకాళ్లు అరిగాక అమ్మేద్దామనుకున్నాను. రెండు లక్షలు అడగాలని తోచింది. రెండే ఎందుకంటే చెప్పలేను. అడగడానికి నాకు సిగ్గుండకూడదు, వినగానే అవతలివాడు లేచిపోకూడదు. అంతే నా లెక్క. తిరుపతిలో వాచ్‌మన్లను, ఊడ్చేవాళ్లను సప్లై చేసే యోగానంద కొంటానని వచ్చాడు.

"నోటికొచ్చిన రేటు వద్దప్పా. వాల్యుయేషన్ చేయించు. బ్యాంకులో చూపించేదానికి నాకూ కాగితం కావల్ల" అన్నాడు.

అలా వచ్చాడు బాలచంద్ర అనే నిపుణుడు. ఫీజు పదిహేను వేలు, ముందే. ల్యాప్‌టాప్ తెరిచి, "మీరు ఎగ్జిట్ ఎప్పుడు ప్లాన్ చేశారు సార్?" అని అడిగాడు.

"నేను చెయ్యలా సార్. మోకాలు చేసింది."

అదీ రాసుకున్నాడు.

మూడు రోజుల్లో ముప్పై నాలుగు పేజీల రిపోర్టు వచ్చింది. చదివితే నా మీద నాకే గౌరవం కలిగింది. మిషన్లు అరవై వేలు. ఆటో తొంభై వేలు. లాన్ల కాంట్రాక్టులు మూడు లక్షలు. బ్రాండ్ విలువ లక్షా ఇరవై వేలు! ఎందుకంటే బోర్డు చూసి నెలకు వందమంది ఫోన్ చేస్తారు. వాళ్లంతా లోన్ కోసం చేస్తారని నిజం చెప్పేశాను.

"ఎంక్వయిరీ ఎంక్వయిరీయే సార్" అన్నాడు. చదువుకున్నవాడు.

చివరి పేజీలో లీకేజీ అని ఉంది. కోసిన గడ్డిని వరదమ్మ రోజూ మోపు కట్టుకుని ఇంటికి తీసుకుపోతుంది. ఆమెకు రెండు ఆవులు. కూలి నాలుగు వందలు, పైన ఆ మోపు. మొదటి రోజే అనుకున్న మాట అది. మోపు ఖరీదు ఏడాదికి ముప్పై ఆరు వేలట. దాన్ని ఆపితే అంతా లాభమేనని కలిపాడు. మొత్తం ఆరు లక్షల ఆరు వేలు.

ఆటో నీడలో అన్నం తింటూ వరదమ్మ అడిగింది.

"మిషన్లు రాసినాడా అన్నా?"

"రాసినాడు."

"నీళ్లు పట్టుకునే ఆ తుప్పు డ్రమ్మును?"

"మిషన్లలో కలిపినాడు."

"నన్ను యాడ రాసినాడు?"

పేజీలు తిప్పాను. "నిన్ను రాయలా. నీ మోపును రాసినాడు, లీకేజీ అని."

"అయితే పదకొండేండ్లుగా కారిపోతా ఉండేది నేనేనా?" అని నవ్వి, క్యారియర్ కడుక్కోవడానికి లేచింది. నేనూ నవ్వాను. ఆరు లక్షలు కళ్ల ముందున్నవాడికి నవ్వు తొందరగా వస్తుంది.

యోగానంద ఐదున్నరకు ఒప్పుకుని, ముందుగా ఒక నెల నడిపి చూస్తానన్నాడు. రిపోర్టు ప్రకారం తొలిరోజే లీకేజీ ఆపాడు. వరదమ్మ నెత్తి మీది మోపును గేటు దగ్గరే దించి పెట్టించాడు. ఆమె నా వైపు ఒకసారి చూసింది. నేను నా మోకాలు చూసుకున్నాను. ఆ గడ్డి ఆవులే తింటాయనుకునేవాణ్ణి. ఆ రోజు నేనూ తిన్నాను.

మరునాటి నుంచి ఆమె రాలేదు. మనిషి తగ్గితే ఖర్చు తగ్గుతుంది కదా? యోగానంద సంతోషించాడు. వరదమ్మలా కూర్చుని కలుపు తవ్వడం ఏ కాలం పని, మందు కొడితే చాలన్నాడు. కొట్టించాడు. లాన్ చచ్చింది. తుంగ మాత్రం తలెత్తుకుని నిలబడింది.

కళ్యాణమండపం రుక్మిణమ్మ నాకు ఫోన్ చేసింది. "ఏం మునీ, పెండ్లివాళ్లు ఫోటోలు యాడ దిగల్ల? గుండు కొట్టించినట్టుండాది ఈడ. కొండ మీద కొట్టించుకోనుంటే పుణ్యమన్నా వచ్చేది."

నెల తిరిగేసరికి పన్నెండు లాన్లు పోయాయి. యోగానంద వచ్చి, మిషన్లకూ ఆటోకూ కలిపి లక్షన్నర ఇస్తానన్నాడు.

"మిగతా నాలుగు లక్షలు యాడికి పొయ్యిందప్పా?" అని నన్నే అడిగాడు.

బాలచంద్రకు ఫోన్ చేశాను. మళ్లీ వాల్యుయేషన్ చేస్తే తెలుస్తుందన్నాడు. ఫీజు మాత్రం పాతదే.

నాలుగు లక్షలను వెతుక్కుంటూ వరదమ్మ ఇంటికి పోయాను. పచ్చిగడ్డి లేక ఆవులకు ఎండుగడ్డి వేస్తోంది. మందు సంగతి చెప్తే చెయ్యి ఆపకుండానే విన్నది.

"మందు కొట్టిన గడ్డి తింటే ఆవు బతుకుతాదా అన్నా? అందుకే గదా, ఒక్కొక్క తుంగ గడ్డనూ చేత్తో తవ్వి తీసింది. నీ కోసరం అనుకుంటివా?"

పాఠకులారా, ముప్పై నాలుగు పేజీల్లో లేని ముక్క ఇది. మా లాన్లు అంత నున్నగా ఉన్నాయంటే కారణం నేను కాదు, మిషన్లు కాదు, బ్రాండు కాదు. రెండు ఆవులు.

"మళ్లా రావాలంటే నీకెంత కావల్ల?" అన్నాను. నా వ్యాపారం ఎంత చేస్తుందని కనబడినవాళ్లనల్లా అడిగినవాణ్ణి, ఆమెను అడగడం అదే మొదటిసారి.

వరదమ్మ నా భుజం మీది తుండుగుడ్డ లాగి, దాని కింద చెయ్యి పెట్టింది. ఆడమనిషి అలా బేరానికి దిగడం నేను ఏ సంతలోనూ చూడలేదు. నా ఐదు వేళ్లూ కలిపి పట్టుకుంది.

"ఐదు నూర్లా కూలి?"

"కూలి కాదు. పదిలో ఐదు."

సగం వ్యాపారం!

"మరి మోపు?"

"అది లీకేజీ గదన్నా. అట్లే కారనీ."

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సంతలో దాన్నే ఒప్పుకోవడం అంటారు.

అమ్మకం ఆగింది. నేను ఆటో తోలుతాను, లాన్ల మీద పెత్తనం ఆమెది. రుక్మిణమ్మ లాన్ చిగురు పడుతోంది. పోయిన వారం పెయింటర్ వచ్చి నా పేరుకు ముందు ఆమె పేరు రాశాడు. ఇన్నేళ్లకు లాన్ అనే మాట ఎక్కడో విన్నట్టున్నాడు, ఆ తప్పు కూడా ఊరికే దిద్దుతానన్నాడు.

వద్దన్నాను. పదకొండేళ్లు వరదమ్మ దగ్గర తీసుకున్న అప్పు మీదే నడిచింది ఆ వ్యాపారం. సరైన వాల్యుయేషన్ చేసినవాడు ఆ పెయింటరొక్కడే. ఫీజు కూడా అడగలేదు.