మూడంతస్తులకు ఒకటే బోర్డు

ఆ రోజు పదకొండు గంటల టీ లోపు అంతర్జాతీయ నివేదిక ముగించేయాలని మహిళా సంక్షేమ శాఖ పెద్ద గుమస్తా అనుకున్నాడు. అదేమంత పని కాదు. ఆడవాళ్ళ హక్కుల ఒప్పందం మీద ప్రభుత్వం సంతకం పెట్టింది కాబట్టి, ఏం చేశారో చెప్పమని నాలుగేళ్ళకోసారి విదేశం నుంచి ఒక సంఘం అడుగుతుంది. పాత జవాబులు తీసి, సంవత్సరం మార్చి పంపడమే. ఈ విద్యలో ఆరితేరినందుకే ఆఫీసంతా ఆయన్ని కార్బన్ గారు అంటుంది. "మీ ఆఫీసులో ప్రతి అంతస్తులో మహిళలకు మరుగుదొడ్డి ఉందా?" అన్నచోట పన్నెండేళ్ళుగా "ఉంది" అనే పోతోంది.

"లేదు కదా బాబాయి గారూ!" అంది టైపు చేస్తున్న అమ్మాయి. ఆమెకు ఏడో నెల. రోజుకు ఆరుసార్లు రోడ్డు దాటి బస్టాండుకు వెళ్ళొస్తుంది. నిన్న ఒక లారీ ఆమె భుజాన్ని రాసుకుంటూ పోయింది.

"నాకు తెలీదుటమ్మా? లేదని రాస్తే ఎందుకు లేదంటారు. మనకెందుకొచ్చిన గొడవ!" అన్నాడు కార్బన్ గారు. అన్నాడే గాని, ఆమె నడుం పట్టుకుని లేస్తుంటే చూడలేక ఫైలులో తల దూర్చాడు.

నివేదిక వెళ్ళింది. నెల తిరక్కుండా ఆ సంఘం సభ్యురాలే స్వయంగా ఊడిపడింది.

శాఖ అధికారి హడలిపోయాడు. కింది అంతస్తులో, తాళంచెవి ఎప్పుడూ తన జేబులోనే ఉండే సొంత బాత్రూముకు "మహిళలకు" అని బోర్డు తగిలించాడు. ఆవిడ చూసి సంతోషించింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"పై రెండంతస్తుల్లోనూ ఉన్నాయి మేడమ్!" అనేశాడు నోరాగక.

"అయితే చూద్దాం పదండి."

కార్బన్ గారు బోర్డు పీకి చంకన పెట్టుకుని వెనక మెట్ల మీద పరుగు లంకించుకున్నాడు. లిఫ్టు వచ్చేలోగా రెండో అంతస్తులో పాత ఫ్యాన్ల గదికి దాన్ని వేలాడదీశాడు. "లోపల కడుగుతున్నారు మేడమ్," అని అధికారి తలుపు తియ్యనివ్వలేదు. మళ్ళీ మెట్లెక్కిన బోర్డుకు మూడో అంతస్తులో రికార్డు గదే దిక్కయింది. అప్పటికి ఆవిడకు నిజంగానే అవసరం పడింది. గబగబా తలుపు లాగింది. పాత నివేదికలు దబదబా కాళ్ళ మీద పడ్డాయి. ఒకటి తీసి చదివింది. ఇంకొకటి చదివింది. అన్నిట్లోనూ "ఉంది."

"నిజం చెప్పండి, ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్తారు?"

అధికారి గోడకేసి చూశాడు. కార్బన్ గారు ఆయాసపడుతూనే ముందుకొచ్చాడు. ఈసారి ఆయన నోట నిజమే వచ్చింది.

"ఏ అంతస్తులోనూ లేదండీ. ఇన్నేళ్ళూ అబద్ధం రాసింది నేనే. ఈ పిల్ల ఈ స్థితిలో రోడ్డు దాటి బస్టాండుకు పోతుంది," అని, నోట్సు రాసుకోడానికి వెంట వచ్చిన టైపు అమ్మాయిని చూపించాడు.

"పదమ్మా, నేనూ వస్తా," అందావిడ. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని రోడ్డు దాటారు.

తిరిగొచ్చి ఆవిడ రాసింది కొంచెమే. ఆరు నెలల్లో ప్రతి అంతస్తులో కట్టి, ఫోటోలతో సహా ప్రభుత్వం జవాబు చెప్పాలి. అంతవరకూ కింది బాత్రూము ఆడవాళ్ళదే. కాదనడానికి వీల్లేదు, సంతకం పెట్టింది ప్రభుత్వమే మరి.

అధికారి తాళంచెవి తీసి టైపు అమ్మాయి చేతిలో పెడుతుంటే కార్బన్ గారికి కళ్ళు చెమర్చాయి.

మర్నాడు గుమస్తాల మరుగుదొడ్డి ముందు వరుసలో నాలుగోవాడిగా నిలబడ్డ అధికారి, మగవాళ్ళ హక్కులకు కూడా ఒప్పందమేదైనా ఉందేమో చూడమని ఫైలు పెట్టాడు.