కదలని పర్శరాములు గారు

"ఈ అనిశ్చిత కాలంలో ప్రజలకు కావాల్సింది స్థిరమైన నాయకత్వం. అది నేనే" అని పర్శరాములు గారు కామారెడ్డి ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. అప్పటికే ఆయన మూడు పార్టీలు మారారు. అయితే ఉన్నన్నాళ్లూ ప్రతి పార్టీలోనూ స్థిరంగానే ఉన్నారని విలేకరిగా నేను సాక్ష్యం చెప్పగలను.

వానలకు మా ఊరికీ లింగంపేటకూ మధ్యనున్న వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయింది. మరునాడే ఆయన ఎల్లారెడ్డి నుంచి కాన్వాయ్‌తో వచ్చి, అవతలి ఒడ్డున తెగిన రోడ్డు మీద టెంటు వేయించి, నడుమ కుర్చీలో కూర్చున్నారు.

"కల్వర్టు కట్టేదాకా ఈ కుర్చీ మీదికెల్లి లేవ. ఇది నా శపథం!"

ఓట్లయ్యాక నాయకుడి ముఖం చూడని ఊరు మాది. పులకించిపోయాం. బీడీలు చుట్టే గౌరవ్వ మోకాలి లోతు నీళ్లు దాటి వచ్చి చేతులు జోడించింది.

"బిడ్డా, మా మనుమరాలు నవతకు నెలలు నిండినయ్. అంబులెన్సు వాగు దాటదంటున్నరు. జర జల్ది కట్టియ్యి."

"నేనున్న గద అవ్వా. రంది పడకు."

నాలుగో రోజు ఇంజనీరు నితీష్ పైపులు, జేసీబీ వెంటబెట్టుకుని వచ్చాడు. అంత వేగం మా మండలం ఎన్నడూ ఎరగదు.

"సార్, పని ఈడికెల్లే మొదలుపెట్టాలె. జర టెంటు పక్కకు..."

"కల్వర్టు అయ్యేదాకా లేవనని చెప్పిన గద?"

"మీరు లేస్తేనే కల్వర్టు అయితది సార్."

"ముందు కట్టున్రి, అప్పుడు లేస్త. మాట తప్పే మనిషిని కాదు."

నితీష్ నా వైపు చూశాడు. నేను నోట్‌బుక్‌లో 'దృఢ సంకల్పం' అని రాసుకున్నాను. జేసీబీ డ్రైవర్ యాకూబు ఇంజను ఆపి, దాని నీడలోనే నడుం వాల్చాడు.

ఆరో రోజు హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది. అరగంటలో కొత్త రంగు కండువా దిగింది. కూర్చున్నచోటే పాతది తీసి కొత్తది కప్పారు.

"పార్టీ మారిన్రా అన్నా?" అనడిగాను.

"నేను ఇంచు కదలలే. పార్టీలే వచ్చి పోతున్నయ్."

మర్నాడు అదే హెడ్డింగు.

ఎనిమిదో రోజు పొద్దున నవతకు నొప్పులు మొదలయ్యాయి. నలుగురు ఆమెను మంచం మీద మోసుకుంటూ వాగు దాటించారు. ఒడ్డెక్కితే ఎదురుగా టెంటు. దాని అవతల అంబులెన్సు.

"జర జరుగు బిడ్డా" అంది గౌరవ్వ.

"అవ్వా, శపథం..."

గౌరవ్వ మంచం మోసేవాళ్లకు సైగ చేసింది. టెంటు తాళ్ల కింది నుంచి వంగి వంగి మంచాన్ని దాటించారు. నవతను తల్లితో పాటు అంబులెన్సులో ఎక్కించి, అది ఎల్లారెడ్డి వైపు కనుమరుగయ్యేదాకా చూసి, గౌరవ్వ వెనక్కి తిరిగింది.

"పట్టున్రి. కుర్చీతోనే లేపున్రి."

మంచం మోసిన నలుగురూ తలో కోడు పట్టి కుర్చీని భుజాల మీదికెత్తుకున్నారు. యాకూబు లేచి ఇంజను స్టార్టు చేశాడు.

పర్శరాములు గారు ఒక్క క్షణం ఉలిక్కిపడ్డారు. వెంటనే కండువా సర్దుకుని, నవ్వుతూ అటూ ఇటూ చేయి ఊపారు. తర్వాత కిందికి వంగి, గౌరవ్వ చెవిలో మెల్లగా అడిగారు.

"అవ్వా, ఏ పార్టీ ఆఫీసుకు?"