కేకు మీది ఏడు

ఆ శుక్రవారం పొద్దున టోర్కిల్ వేసుకున్న పథకం చిన్నదే. ఉతికిన చొక్కా తొడుక్కోవాలి, సైకిలెక్కి మంత్రిత్వ శాఖకు చేరాలి, మంత్రి వచ్చే వేళకు నవ్వు ముఖంతో ఎదురెళ్ళాలి. సంస్కరణల కోసం కొత్తగా పెట్టబోయే జాతీయ సంస్థకు అధిపతి ఎవరో ఆ రోజే తేలుతుందని వినికిడి. ఆయన ఏళ్ళ తరబడి నిబంధనల సరళీకరణ విభాగంలో కూర్చుని, దేశాభివృద్ధి అంతా తన బల్ల మీదుగానే నడుస్తోందని నమ్మిన మనిషి. అలా నమ్మకపోతే మా ప్రభుత్వోద్యోగులకు సోమవారాలు గడవవు.

ఆయన కన్నబిడ్డలాంటి పథకం పేరు "నమ్మకం". ఒకే ప్రశ్నను పది కార్యాలయాలు అడిగి జనాన్ని చంపకూడదు. ఒక కార్యాలయం రాసుకున్న సంగతిని మిగతావన్నీ మారు ప్రశ్న లేకుండా నమ్మాలి. పసిబిడ్డను తోపుడు బండిలో కాఫీ కొట్టు బయట వదిలేసి, లోపల కూర్చుని తీరిగ్గా కాఫీ తాగే దేశం మాది. అలాంటి చోట కార్యాలయాలు ఒకదాన్నొకటి అనుమానించుకోవడం ఏం మర్యాద అని ఆయన వాదన. ముందు ప్రయోగంగా తమ శాఖ సిబ్బంది మీదే అమలు పెట్టారు. అప్పటిదాకా ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే ఎవరికీ ఏ పనీ పడలేదు.

వంతెన దాటుతుండగా ఆయనకు గుర్తొచ్చింది. ఇవాళ రొట్టెల వంతు తనది. శుక్రవారం ఫలహారానికి అందరికీ రొట్టెలు వంతులవారీగా తేవాలి. ఇది రాజ్యాంగంలో ఎక్కడా లేదు గానీ, రాజ్యాంగాన్నైనా సవరించవచ్చు, దీన్ని సవరించలేం. వంతు మరిచిన వాళ్ళ పేరు పిల్లల పిల్లల దాకా నిలిచిపోతుంది.

"రొట్టెలా? ఈ వేళప్పుడా?" అంది రొట్టెల కొట్టావిడ. "ఎప్పుడో ఊడ్చుకుపోయారు."

"ఏదైనా సరే తల్లీ, పన్నెండు మంది నోట్లో పడేది ఏదైనా."

"కేకు మనిషున్నాడు, పట్టుకెళ్తావా? ఎవరో పిల్లాడి పుట్టినరోజుకని చేయించారు. తీరా చూస్తే వాడికి ఒళ్ళంతా పొక్కులట, పండగ మానుకున్నారు."

మనిషి ఆకారంలో చేసిన కేకు అది. అతిమధురంతో చేసిన మిఠాయి తాళ్ళతో జుట్టు, మిఠాయి బిళ్ళల గుండీలు, ఒళ్ళంతా గుచ్చిన చిన్న చిన్న జెండాలు, పొట్ట మీద చక్కెరతో పెద్ద ఏడు అంకె. పుట్టినరోజున మా పిల్లలకు ఇది లేకపోతే ఆ ఏడాది పెరిగినట్టే లెక్క కాదు. టోర్కిల్ దాన్ని సైకిలు ముందు బుట్టలో, కాళ్ళు బయటికి వేలాడేలా కూర్చోబెట్టుకుని తొక్కాడు.

కార్యాలయంలో ముందుగా ఎదురైంది ఆయన కింద పనిచేసే విబెకె. మా దేశంలో చిన్నా పెద్దా అందరూ పేరు పెట్టి, నువ్వు అనే పిలుచుకుంటారు. ఆమె కళ్ళు జెండాల మీద పడ్డాయి.

"టోర్కిల్! పుట్టినరోజా? ఒక్క ముక్క చెప్పలేదే!"

మంత్రి వస్తున్న రోజు. చుట్టూ ఆకలితో ఉన్న జనం. రొట్టెలు మరిచిపోయానని చెప్పడం కంటే పుట్టానని చెప్పడమే తేలిక అనిపించింది ఆయనకు.

"అంటే... ఆ, అలాంటిదే" అన్నాడు.

విబెకె కేకు పొట్ట కేసి చూసింది. ఏడు. పక్కన ఖాళీ. సైకిలు కుదుపులకు ముందున్న అంకె రాలిపోయి ఉంటుందనుకుంది. యాభై ఏడా, అరవై ఏడా? ఆయన ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసింది. అనుమానం తీరిపోయింది. వయసు అడగడం మర్యాద కాదు, పైగా అడగకూడదన్నదే ఆయన పథకం. వెళ్ళి సిబ్బంది పేజీలో రాసింది: "మన టోర్కిల్‌కు నేటితో అరవై ఏడు నిండాయి. హాల్లో కేకు."

అరవై ఏడు అంటే పింఛను వయసు. విబెకె రాసింది సిబ్బంది విభాగం నమ్మింది. సిబ్బంది విభాగాన్ని పింఛను కార్యాలయం నమ్మింది. పింఛను కార్యాలయాన్ని నగరపాలిక నమ్మింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. మా చరిత్రలో ప్రభుత్వ యంత్రాంగం అంత చురుగ్గా కదలడం అదే మొదలు.

టోర్కిల్ చొక్కాకు అంటిన చక్కెర దులుపుకుంటుంటే శాఖ కార్యదర్శి ఆస్గర్ ద్రాక్షసారా సీసాతో వచ్చాడు. కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"ఎంత గుండె నిబ్బరమయ్యా నీకు! ఇవాళే ఆఖరి రోజని ఎవరికీ చెప్పకుండా, కేకు పట్టుకుని వచ్చేశావా!"

"ఆఖరి రోజేంటి?"

"దాస్తావేంటి, కాగితం నా దాకా వచ్చేసింది. కొత్త సంస్థకు నీ పేరే చెబుదామనుకున్నాను. ఇక ఏం చేస్తాం, విబెకె పేరు పంపించేశాను." భుజం తట్టి, ఆ సీసా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

టోర్కిల్ సీసా చంకలో పెట్టుకున్నాడు. ఆ పదవి కోసం ఎన్ని వేసవి సెలవులు వదులుకున్నాడో ఆయనకే తెలుసు. పై అంతస్తులో సిబ్బంది విభాగానికి మెట్లెక్కి పరుగెత్తాడు. తలుపుకు కార్డు చూపిస్తే ఎర్రదీపం వెలిగింది. కిందికి దిగి తన విభాగం తలుపుకు చూపించాడు. అక్కడా ఎర్రదీపమే, కార్డు అప్పుడే రద్దయిపోయింది. మెట్ల దగ్గర సీసాతో ఇరుక్కుపోయాడు. అంతలో ఫోన్ మోగింది. భార్య డోర్టె.

"నీ పేరు మీద ముసలివాళ్ళ బస్సు పాస్ వచ్చిందని కబురొచ్చింది. నాకు చెప్పకుండా రిటైరైపోయావా?"

"లేదు డోర్టె, అది పొరపాటు."

"పొరపాటైతే సరే. ఇంకా ఆరేళ్ళ దాకా పగలు నువ్వు ఇంట్లో ఉండవన్న ధైర్యంతో బతుకుతున్నాను నేను. ఆ ధైర్యం పోగొట్టకు."

ఆయన చెమట తుడుచుకుంటూ పింఛను కార్యాలయానికి ఫోన్ చేశాడు.

"నాకు అరవై ఒకటే" అన్నాడు.

"మా దగ్గర అరవై ఏడని ఉంది" అంది అవతలి గొంతు, ఎంతో మృదువుగా.

"వయసు నాది. నాకు తెలీదా?"

"నువ్వు అబద్ధం చెబుతున్నావని అనడం లేదు. కానీ నీ కార్యాలయం చెప్పిన మాటను అనుమానించే అధికారం మాకు లేదు. కొత్త నిబంధన."

"ఆ నిబంధన రాసింది నేనే!"

"అలాగా? చాలా బాగా రాశావు. ఎక్కడా సందు లేదు."

తాను తీసిన గోతిలో తాను పడటం అంటే ఏమిటో ఆయన చిన్నప్పటి నుంచీ వింటున్నాడు గానీ, అడుగు ఇంత నున్నగా ఉంటుందని అనుకోలేదు. అప్పుడే తలుపు తెరుచుకుంది.

"ఇక్కడ దాక్కున్నావా!" అంది విబెకె. "మంత్రి వచ్చేస్తోంది. గొంతు కోయాలి, రా!"

కేకు మనిషిని ముందు గొంతు దగ్గరే కోయాలి. కోస్తున్నంతసేపూ చుట్టూ ఉన్నవాళ్ళు ప్రాణం పోయేలా అరవాలి. అది ఆచారం. సమావేశాల్లో దగ్గడానికి కూడా అనుమతి అడిగే మా వాళ్ళు, ఏళ్ళ తరబడి మింగినదంతా ఆ ఒక్క అరుపులో కక్కేశారు. కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. అతని వెనకాలే మంత్రి. ఎదురుగా చేతిలో కత్తి, చొక్కా మీద కేకులోని ఎర్రటి జామ్‌తో టోర్కిల్.

మంత్రి కాపలావాణ్ణి తోసేసి, తను కూడా గట్టిగా అరిచి, తల ముక్క అడిగి తీసుకుంది.

"నీ వీడ్కోలు రోజే రావడం నా అదృష్టం, టోర్కిల్" అంది నములుతూ. "ఆస్గర్ చెప్పాడు. పొద్దున రాసిన ఒక్క వాక్యం ఇంతలోనే పింఛను దాకా వెళ్ళిందట! ఒక్క ప్రశ్న లేకుండా! ఇదీ సంస్కరణ అంటే. వచ్చే నెల దేశమంతా పెట్టేద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. నోరు మూసుకుంటే కనీసం పథకమైనా బతికేది. ఆయన పేరుతో పాటు పుస్తకాల్లోకి ఎక్కేది. కానీ టోర్కిల్‌కు రాజధానికి ఎక్కడో దూరాన యూట్లాండ్ పల్లెలో ఒక ముసలాయన ఊహలో కనిపించాడు. పక్కింటాయన పేరు బదులు ఆయన పేరు పక్కన ఎవరో "చనిపోయాడు" అని రాసేశారు. తాను బతికే ఉన్నానని చెప్పుకోవడానికి ఆ ముసలాయన ఏ కార్యాలయం కిటికీ దగ్గరికి వెళ్ళాలి? అలాంటి కిటికీలన్నీ మూయించింది తనే. ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"నాకు అరవై ఒకటి" అన్నాడు టోర్కిల్. "ఇవాళ నా పుట్టినరోజు కూడా కాదు. నేను రొట్టెలు మరిచిపోయాను."

హాలంతా గతుక్కుమంది. రొట్టెలు మరిచినందుకే గతుక్కుమన్నారని ఆయనకు తర్వాత తెలిసింది.

"అరవై ఒకటేనా?" అంది విబెకె. ఆమె గొంతులో నమ్మకం పలకలేదు.

మంత్రి ఫోర్క్ కింద పెట్టింది. "మరి తప్పని నువ్వే చెబితే సరిపోయేదిగా?"

"చెప్పాను. వినలేదు. వినొద్దని రాసింది నేనే."

"ఇంత పెద్ద కన్నం ఉందని నీకు ఇన్నాళ్ళూ కనిపించలేదా?"

"ఇన్నాళ్ళూ అందులో పడింది నేను కాదుగా" అన్నాడు టోర్కిల్.

మంత్రి ఆయన్ని ఎగాదిగా చూసి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది. ఆస్గర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కాసేపు ఊరుకుని ఉంటే పెద్దమనిషిలా రిటైరయ్యేవాడివి కదయ్యా! ఇప్పుడు పదవీ పోయింది, పథకమూ పోయింది." విబెకె పాపం తలుపు తీసి పట్టుకుంటే తప్ప ఆయన బయటికి కూడా వెళ్ళలేకపోయాడు. వానలో తడుస్తూ ఇల్లు చేరి, డోర్టె ముందు జరిగినదంతా వెళ్ళబోసుకున్నాడు. ఆమె నవ్వాలా ఏడవాలా తెలియక ముందు నవ్వింది.

సాయంత్రం ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. తెర మీద మంత్రి.

"నమ్మకం పథకాన్ని ఆపేశాం" అంటోంది. "ఇక మీదట ఏ మనిషి విషయంలోనైనా ఆ మనిషిని అడగకుండా ఏ నిర్ణయమూ తీసుకోం. కొత్త సంస్థకు ఇదే మొదటి నియమం. సొంత పథకంలో తప్పును అందరి ముందూ చెప్పిన ఉద్యోగిని నేను ఇవాళే చూశాను. ఆ సంస్థకు అధిపతి ఆయనే. పేరు టోర్కిల్. సోమవారం ఉత్తర యూట్లాండ్‌లో, ఆ సంస్థ కార్యాలయంలో పనిలో చేరతాడు."

డోర్టె అల్లిక పక్కన పెట్టింది. "ఉత్తర యూట్లాండా? ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"నాకూ ఇప్పుడే తెలిసింది" అన్నాడు టోర్కిల్.