కండక్టరు నాచు తిన్నాడట!

ఆ రోజు ప్రేమ్‌సాగర్ పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఓ గరిటెడు సముద్రపు నాచు మింగాలి, గంజి పెట్టిన తెల్లచొక్కా తొడుక్కోవాలి, కోరుట్ల బస్టాండు ముందున్న దీక్షా శిబిరంలో సాయంత్రం ఐదింటిదాకా కదలకుండా కూర్చోవాలి. సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోలో నిద్రపోతున్నాయి కాబట్టి కండక్టరుకు వేరే పని కూడా లేదు.

కూర్చోవడం అంత సులువైతే ఈ కథే లేదు. సమ్మె మొదలైన కొత్తలో అతను ఒకసారి రిలే నిరాహార దీక్షకు కూర్చున్నాడు. పాపం, గ్యాస్ట్రిక్ మనిషి. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి, మెడలో దండతో సహా పక్కవాడి ఒళ్ళో వాలిపోయాడు. నిమ్మరసం ఎవరు తాగించారో కూడా అతనికి తెలియదు. మర్నాటి నుంచి ఊరు అతనికి 'ఒంటిపూట దీక్ష' అని పేరు పెట్టింది. తోటి కండక్టరు వీరేందర్ అయితే ఎదురుపడ్డప్పుడల్లా "అన్నా, తిన్నవా?" అని ఎంతో ప్రేమగా అడిగేవాడు. ఈసారి ఐదయ్యేదాకా కూర్చోకపోతే తెలంగాణ వచ్చినా ఆ పేరు మాత్రం పోదని ప్రేమ్‌సాగర్‌కు బెంగ పట్టుకుంది.

ఇక నాచు సంగతి. అది మస్కట్ నుంచి బామ్మర్ది శేఖర్ పంపింది. అక్కడ అతని గదిలో ఉండే ఫిలిప్పీన్స్ మనిషి రోజూ అదే తింటాడట. "పరగడుపున గరిటెడు తింటే కడుపుల మంట ఉండది, మోకాళ్ళు నొయ్యయ్, ఆకలి గూడ ఆగుతది బావా" అని ఫోనులో చెప్పాడు. అప్పటి నుంచి ప్రేమ్‌సాగర్ భార్య కృపారాణి ఆ ఎండు నాచును నానబెట్టి, ఉడకబెట్టి, కరెంటు ఉన్నప్పుడు మిక్సీలో తిప్పి, తెల్లగా వణికే ముద్ద చేసి రోజూ మొగుడి ముందు పెట్టేది.

"చెరువు గట్టు నాకినట్టున్నదే" అనేవాడు ప్రేమ్‌సాగర్.

"మా తమ్ముడు ఎండల పనిచేసి పంపిండు. ముక్కు మూస్కోని మింగు" అనేది కృపారాణి. ముక్కు మూసుకునే మింగేవాడు. ఏమాటకామాటే చెప్పాలి, మంట కొంచెం తగ్గినట్టే అనిపించింది.

దీక్షకు ముందురోజు అత్తగారు రూతమ్మ సిరిసిల్ల నుంచి ఆటోలు మారి మారి వచ్చింది. కరెంటు కోతలకు మరమగ్గాలు ఆగిపోయి, నూలుకు గంజి పట్టించే కార్ఖానాలో ఆమెకు పని లేకుండా పోయింది. చేతులు ఊరికే ఉండే మనిషి కాదు. అల్లుడు దీక్షకు వేసుకునే తెల్లచొక్కా చూసి, అన్నం వార్చిన గంజిలో ఇంత నీలిమందు కలిపి చల్లారబెట్టింది. ఇంతలో వంటింటి గట్టు మీద, పళ్ళెం మూసిన గిన్నెలో నాచు కనబడింది. రెండు వేళ్ళ మధ్య పట్టి సాగదీసింది. బతుకంతా గంజి పదును చూసిన వేళ్ళు కదా, మురిసిపోయాయి.

"మా బిడ్డ గంజి నాకంటె మంచిగ చేసింది" అనుకుని, ఆ నాచంతా చొక్కాకు పట్టించి దండెం మీద ఆరేసింది. తన గంజి పారబోయడానికి మనసొప్పక, తన చీరకు పనికొస్తుందని అదే గట్టు మీద పెట్టి, అదే పళ్ళెం మూసింది.

తెల్లారకముందే ప్రేమ్‌సాగర్ లేచాడు. కరెంటు లేదు. కృపారాణి బోరింగు దగ్గరికి నీళ్ళకు పోయింది. చీకట్లో తడుముకుంటూ పళ్ళెం తీసి, ముక్కు మూసుకుని ఒక గరిటె మింగాడు. ముక్కు వదిలినా రోజూ వచ్చే వాసన రాలేదు! సంతోషం పట్టలేక, ముందు జాగ్రత్తగా ఇంకో రెండు గరిటెలు లాగించాడు. తర్వాత చొక్కా తొడుక్కుంటే కాలరు ఠీవిగా నిలబడింది. దేవుడు ఈ పూట తన పక్షాన ఉన్నాడనుకున్నాడు.

శిబిరంలో డప్పులు మోగాయి, దండలు పడ్డాయి. పొద్దెక్కినా ప్రేమ్‌సాగర్‌కు ఆకలే లేదు. వీరేందర్ "తిన్నవా?" అని అడిగితే నవ్వగలిగాడు కూడా. కానీ ఎండ ముదిరింది, చెమట పట్టింది. చొక్కా మొదట మెత్తబడింది, తర్వాత జిగురైంది, ఆ తర్వాత సముద్రం గుర్తుచేసుకున్నట్టు వాసన మొదలుపెట్టింది. ఈగలు మిగతా వాళ్ళందరినీ వదిలి అతని చుట్టూ చేరాయి. ఎక్కడి నుంచో ఒక పిల్లి వచ్చి, ఎదురుగా కూర్చుని అతని వైపే ఆశగా చూడసాగింది.

శిబిరం పెద్ద జలపతి ముక్కు ఎగబీల్చాడు. "ఎండు శాపల వాసన అస్తుంది. ఎవలు తిని అచ్చిండ్రు?"

అందరి కళ్ళూ ప్రేమ్‌సాగర్ మీద వాలాయి.

"నేనేం తినలే అన్నా! నమ్మకపోతే నా నోరు సూడు!" అని అతను రోషంగా నోరు తెరిచాడు.

జలపతి వంగి చూసి, వెనక్కి రెండడుగులు వేశాడు. "అయ్యో! నాలిక నీలమైంది! నీళ్ళు తెండ్రి, డాక్టరును పిలువుండ్రి!"

మైకు పట్టుకున్న వీరేందర్‌కు ఆ ముక్క చాలు. ఇన్నాళ్ళు ఏడిపించినందుకు గుండె పిండేసినట్టయింది. "మా ప్రేమన్న పరిస్థితి మంచిగ లేదు! నాలిక నీలమైంది!" అని ఏడుపుగొంతుతో అరిచాడు. జనం రోడ్డు మీద బైఠాయించారు. పోలీసులు వచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్తామన్నారు.

ప్రేమ్‌సాగర్ ప్రాణం నిజంగా అప్పుడే పోయినంత పనైంది. ఆసుపత్రికి పోతే దీక్ష మళ్ళీ ఒంటిపూటే! "నాకేం గాలే! పొద్దుగాల సముద్రపు నాచు తిన్న, గంతే! అది మందు లెక్క!" అని మొత్తుకున్నాడు.

ఆ మాట మైకులో పడింది. అక్కడి నుంచి షేర్ ఆటో ఎక్కింది. ఎక్కినచోటే 'సముద్రపు' అన్న ముక్క దిగిపోయింది. జగిత్యాల చేరేసరికి, జీతాల్లేక కండక్టర్లు నాచు తిని బతుకుతున్నారట. సారంగాపూర్ చేరేసరికి, చెరువులో దిగి తింటున్నారట. కొడిమ్యాల నుంచి కుర్రాళ్ళు ట్రాక్టరు కట్టుకుని బయల్దేరారు.

ఇంటి దగ్గర కృపారాణి తలుపు తీస్తే, వాడకట్టు ఆడవాళ్ళు చేటల్లో బియ్యం, కూరగాయలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ముందున్న కిష్టవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"మాకు ఒక్క మాట చెప్పకపోతివి బిడ్డా. పాచి తినే గతి పట్టెనా?"

"మా ఇంట్ల బియ్యమున్నయ్ అవ్వా!" అని కృపారాణి ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. అభిమానం గల పిల్ల అని ఇంకా ఎక్కువ ఏడ్చారు. సంగతేమిటో తెలుసుకుందామని ఆమె తల్లిని వెంటబెట్టుకుని, దారిపొడుగునా నాచు సంగతి చెబుతూ, శిబిరానికి పరుగెత్తింది.

రూతమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి అల్లుడి గడ్డం పట్టుకుంది. "నోరు తెరువు అల్లుడా." చూసింది. చొక్కా అంచు రెండు వేళ్ళతో సాగదీసి, వాసన చూసింది. నెత్తి కొట్టుకుంది.

"వీనికేం కాలే. పళ్ళెం కింద ఉన్నది నా గంజి. నీలిమందు కలిపిన గంజి. అది వీడు తాగిండు. నాచేమో నేను అంగికి పెట్టిన."

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. పోలీసులు కూడా నవ్వారు. జలపతి మాత్రం నవ్వలేదు. దీక్ష నియమం దీక్ష నియమమే, పొద్దున లేచింది మొదలు మందు తప్ప ఏదీ మింగకూడదు.

"గంజి తాగి కూసున్నడా? అంటే తిన్నట్టే గద అత్తా. దీక్ష తప్పింది. లేవు ప్రేమ్‌సాగర్."

ప్రేమ్‌సాగర్ తల దించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆకలితో ఓడిపోతే అర్థముంది, అత్తగారి గంజితో ఓడిపోవడం ఏమిటి? మెడలోని దండ తీయబోయాడు.

రూతమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది.

"గంజి తాగుడు తినుడా జలపతీ?" అంది. గొంతు పెద్దగా లేదు, కానీ మైకు పక్కనే ఉంది. "మా చిన్నప్పుడు పెద్దోళ్ళ ఇండ్లల్ల వంచిన గంజి మా అవ్వ ముంతల తెచ్చేది. అది తాగి పండుకున్నం. తెల్లారి ఎవలన్న 'రాత్రి తిన్నరా' అంటే, 'లే, పస్తే' అని చెప్పినం. ఒక్కనాడన్న తిన్నమని చెప్పలే. ఇయ్యాల మా అల్లుడు తాగింది తినుడైతే, మా అవ్వ పస్తున్న దినాలన్ని అబద్ధమేనా?"

నవ్వులు ఆగిపోయాయి. బియ్యం చేట పట్టుకుని వెనకాలే వచ్చిన కిష్టవ్వ "గది నిజం" అంది. ముసలివాళ్ళు ఒక్కొక్కరే తలలూపారు. జలపతి తల్లి కూడా ముంత పట్టుకుని తిరిగిన మనిషే.

"మా అవ్వ గూడ పస్తనే అనేది అత్తా" అన్నాడతను. దండ సరిచేసి, ప్రేమ్‌సాగర్‌ను భుజం పట్టి కూర్చోబెట్టాడు. "కూసో తమ్మీ. నీ దీక్షకేం కాలే. అంగి మాత్రం మార్చుకో."

సాయంత్రం ఐదింటికి కిష్టవ్వే నిమ్మరసం తాగించింది. వీరేందర్ పక్కకు వచ్చి, ఇకమీదట ఆ పేరు తన నోట రాదని ఒట్టేశాడు. కొడిమ్యాల ట్రాక్టరు అప్పుడే చేరింది. వచ్చినవాళ్ళు నినాదాలిచ్చి, చేటల్లోని బియ్యంతో రోడ్డు మీదే వండిన అన్నం తిని వెళ్ళారు.

మర్నాటి నుంచి దీక్షకు పేర్లిచ్చేవాళ్ళు ఎన్నడూ లేనంతగా పెరిగిపోయారు. వాళ్ళలో చాలామంది పొద్దున్నే రూతమ్మ ఉన్న ఇంటి మీదుగా శిబిరానికి వచ్చారు. ఎందుకంటే, అదే దగ్గరి దారన్నారు.