మూడు చాలు, నాలుగోది దేనికి?

కంప్యూటర్ ఎంత తక్కువ పనిచేస్తే ఇల్లు అంత బాగుపడుతుంది! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

పోయిన నెల సికింద్రాబాద్‌లో కంప్యూటర్ కొన్నాను. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ చౌక రకం. ఒకేసారి మూడు ప్రోగ్రాములే తెరుచుకుంటాయి. నాలుగోది నొక్కామా, ముందు ఒకటి మూయమని మర్యాదగా చెబుతుంది. ఎంత సంస్కారం! హైటెక్ సిటీ పిల్లలు ఇరవై తెరుచుకుని ఏం బావుకుంటున్నారు, మెడనొప్పులు తప్ప?

మా అమ్మాయి గ్లోరియా ఇంటి నుంచే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగానికి పరీక్ష రాసింది. అమెరికా డాక్టరు రికార్డు చేసిన మాటలు విని, టైపు చేసి, సాయంత్రం ఆరులోగా పంపాలి. పంపితే ఉద్యోగం ఖాయం.

కంపెనీ వాళ్ల ప్రోగ్రామ్ ఒకటి, టైపింగ్ ఒకటి, డాక్టరు గొంతు ఒకటి. మూడూ సరి! తెలియని మందు పేరొస్తే? డాక్టరు గొంతు మూసి డిక్షనరీ తెరవాలి. మళ్లీ గొంతు తెరిస్తే ఆయన మొదటి నుంచి అందుకుంటాడు.

"డాడీ, మళ్లీ మొదటికొచ్చాడు!" అని పిల్ల ఒకటే అరుపులు.

ముప్పైసార్లు విన్నాం. ఎవరో పేషెంటు మోకాలి నొప్పి ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చేసింది. మా అమ్మ రోసమ్మ అర్థం అడిగి మరీ తెలుసుకుని, "ఎవరు కన్న బిడ్డో పాపం, పొద్దుట్నుంచీ మోకాలు మోకాలంటన్నాడు" అని కళ్లొత్తుకుంది. చర్చివాళ్ల గురువారం కూటంలో ఆ మోకాలి కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టించింది. మా బొల్లారం మొత్తం ఆమెన్ అంది. మామూలు కంప్యూటర్ ఇంత భక్తి పుట్టించగలదా?

గ్లోరియా టైపింగ్‌లో ఒక్క తప్పు లేదు. పంపేసరికి మాత్రం ఏడున్నరయింది. ఉద్యోగం పోయింది. పిల్ల అన్నం ముట్టలేదు. "పోనీలే, ఓర్పు నేర్చుకుంది కదా" అన్నాను. మా ఆవిడ మేబెల్ నావైపు చూసిన చూపు పత్రికలో రాసేది కాదు.

మర్నాడు షాపుకెళ్లి, పెద్ద రకం ఎక్కించమన్నాను. షాపతను నవ్వాడు.

"కొత్తగ ఎక్కించేదేం లేదు సార్. మొత్తం గిండ్లనే ఉంది. పైసలు కట్టినంక ఇచ్చే నంబర్ కంప్యూటర్ల కొడితే తెరుసుకుంటది."

మొత్తం అందులోనే ఉందట! మా పిల్ల ఏడుస్తున్నంతసేపూ ఆ నాలుగోది మా ఇంట్లోనే, మా బల్ల మీదే ఉందన్నమాట. చేతకాని యంత్రమని జాలిపడి ఇంతసేపూ వెనకేసుకొచ్చాను, నాకు బుద్ధుందా! దానికి అన్నీ చేతనవును. మా ఇంట్లో చెయ్యొద్దని చెప్పి పంపారు!